కారుకు ఏడు రోజుల పథ్యం

మదనపల్లెలో మా వీధివారికీ, పుంగనూరులోని వారి బంధువులకూ, కుప్పంలోని ఆ బంధువుల బంధువులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, పురుషోత్తం గారి కారు క్షేమంగా ఉంది. దాని మీద దుమ్ము పడలేదు, ఎండ పడలేదు, పరాయి చెయ్యి పడలేదు. ఈ నివేదిక రాసే నాటికి అది ప్రయాణించిన మొత్తం దూరం షోరూము నుంచి గుడికి, గుడి నుంచి ఇంటికి. ఇంతటి క్రమశిక్షణ గల వాహనం చుట్టుపక్కల నాలుగు మండలాల్లో మరొకటి లేదని నేను ఎక్కడికైనా వచ్చి చెప్పగలను.

నేను ఎదురింటివాణ్ణి. పోస్టాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వరండాలో కుర్చీ ఉంది, కళ్లజోడు ఉంది, కావలసినంత తీరిక ఉంది. కనుక జరిగినదంతా నేను కళ్లారా చూశాను. చూడలేకపోయిన భాగాన్ని పురుషోత్తం భార్య మునీశ్వరి మా ఇంటావిడకు ఎప్పటికప్పుడు అందజేసింది.

పురుషోత్తం నిమ్మనపల్లె మండలంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. అతని తల్లి రెడ్డెమ్మ టమోటా తోటల్లో కూలికి పోయి, గంపలు మోసి, కొడుకును ఆ కుర్చీ దాకా తీసుకొచ్చింది. ఆ ఇంట్లో సైకిలు కొన్న మొదటివాడు అతని తండ్రి, కారు కొన్న మొదటివాడు అతను. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. ఆ తెల్లకారు మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చిన రోజు రెడ్డెమ్మ అందులోంచి దిగి, గేటు పట్టుకుని నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటే, ఎదురింట్లో నా కళ్లు కూడా తడిశాయి.

అంతకుముందే గుడి దగ్గర ఆచారం ప్రకారం కారుకు పూజ జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిగాయి. పూజారికి ఆ రోజు ఇంకా పదకొండు వాహనాలు వరసలో ఉన్నందువల్ల, బానెట్ మీద పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టే పనిని రెడ్డెమ్మే స్వయంగా చేసింది. ఆమెకు చెయ్యి పెద్దది, మనసు ఇంకా పెద్దది. అరచేతిని పసుపులో ముంచి మూడు పట్టెలు వేసి, ఒక్కో పట్టె మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. పూజలో పెట్టిన పసుపు కుంకుమలను మనుషులు తుడవకూడదు, అంతట అవే పోవాలి. ఈ నియమం మా ఊళ్లో రవాణా శాఖ వారి నియమాల కంటే గట్టిగా అమలవుతుంది.

ఆ సాయంత్రమే రెడ్డెమ్మ పుంగనూరుకు ఫోను చేసింది. అక్కడ ఆమె అక్క పార్వతమ్మ ఒంటరిగా ఉంటుంది. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని చంకన వేసుకుని పెంచిన అక్క. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపడుతోంది. కుప్పంలో ఒక కంటి ఆసుపత్రివారు మరుసటి నెల మొదటి గురువారం కుడికంటికి ఆపరేషను అని చీటీ రాసిచ్చారు. ఆపరేషను తర్వాత దుమ్ము తగలకూడదు, గాలి కొట్టకూడదు, కుదుపులు ఉండకూడదని కూడా చెప్పారు. పుంగనూరు నుంచి కుప్పానికి దుమ్ము, గాలి, కుదుపు లేకుండా పోయే మార్గం కోసం ఆ ముసలమ్మ నెల రోజులుగా దిగులు పడుతోంది.

"అక్కా, నువ్వు దిగులు పడబాక. మావోడు కారు తెచ్చినాడు. కార్లోనే పిల్సుకోని పోతాము, అద్దాలు మూసుకోని కార్లోనే పిల్సుకోని వస్తాము" అని రెడ్డెమ్మ మాట ఇచ్చింది.

ఆ మాట మర్నాటికి పుంగనూరులో ఒక వీధంతా తెలిసింది. పార్వతమ్మను ఆటోలో పలమనేరు దాకా దించుతానన్న పక్కింటి అబ్బాయికి ఆమె కృతజ్ఞతలు చెప్పి, ఇక అవసరం లేదంది. ఇంతవరకు అంతా మామూలు మనుషుల ప్రవర్తనే. ఇక్కడినుంచి విజ్ఞానం ప్రవేశిస్తుంది.

మునీశ్వరి తమ్ముడు అజయ్ కుప్పంలో ఉంటాడు. రోజూ తెల్లవారి రైలెక్కి బెంగుళూరుకు ఉద్యోగానికి పోయి రాత్రికి తిరిగొస్తాడు. ఆ విధంగా ప్రపంచంలో ఏ కొత్త సంగతి జరిగినా మా వీధికి అతని ద్వారానే చేరుతుంది. ఆదివారం కారును చూడవచ్చి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, బానెట్ దగ్గర వంగి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. జబ్బు ముదిరిందని చెప్పే ముందు డాక్టర్లు అలాగే నిలబడతారు.

"ఇట్ల పైన ఏమీ లేకుండా బరిగా తిప్పితే పెయింటు ఆర్నెల్లు కూడా నిలవదు బావా" అన్నాడు.

పుంగనూరు దారిలో టమోటా లారీలు, కుప్పం దారిలో గ్రానైటు లారీలు, రెండు దారుల్లోనూ చక్రాల కిందనుంచి ఎగిరే కంకర. బెంగుళూరులో కార్లు కొన్నవాళ్లెవరూ వాటిని ఉత్త ఒంటితో రోడ్డు మీదికి పంపరట. ఒక పారదర్శకమైన పొర ఉంటుందట. తలుపులకూ, బానెట్‌కూ, బంపరుకూ దాన్ని అతికిస్తే రాయి తగిలినా గీత పడదు. పొర ఉన్నట్టే తెలియదు. అదే దాని గొప్పతనం. పురుషోత్తం ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని మునీశ్వరి చెప్పింది. అంతకుముందు రోజు దాకా ఆరోగ్యంగా ఉన్న కారు అతని కళ్లకు చలిలో బట్టలు లేకుండా నిలబెట్టిన పసిబిడ్డలా కనిపించసాగింది.

బెంగుళూరు దుకాణంవాడు ఆ పొర వేయడానికి ఎంత అడిగాడో ఇక్కడ రాయను. అది విని పురుషోత్తం ఆ పొరను సొంతంగానే వేస్తానని ప్రకటించాడు. చుట్టగా చుట్టిన పొర ఆన్‌లైన్లో వచ్చింది. దానితో ఒక రబ్బరు పలక, ఒక బ్లేడు, ఒక కాగితం వచ్చాయి. అతను పది రోజులు ఆఫీసు నుంచి రాగానే ఫోనులో వీడియోలు చూశాడు. చూసినవాటిని పెద్ద నోటుబుక్కులో మార్జిను గీసి రాసుకున్నాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అతను ఇంత శ్రద్ధగా ఏ దరఖాస్తునూ పరిశీలించలేదని అతని సహోద్యోగులు నాతో అన్నారు. వాళ్ల మాటల్లో అసూయ ఉండవచ్చు.

వీడియోల్లో చెప్పిన మొదటి షరతు, దుమ్ము లేని గది. మదనపల్లెలో దుమ్ము లేని గది కావాలంటే ముందు మదనపల్లెను వేరే చోటికి మార్చాలి. అది తన పరిధిలో లేదు గనుక, పురుషోత్తం ఇంటి ముందు షామియానా వేయించి, దాని నాలుగు పక్కలా దోమతెరలు కట్టించాడు. ఆపరేషనుకు ముందు వచ్చే ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాడు. ఆదివారం పొర వేయడం, గురువారం పెద్దమ్మను కార్లో కుప్పం తీసుకుపోవడం. ప్రణాళికలో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

మా ప్రాంతంలో షామియానా రెండే సందర్భాల్లో వేస్తారు. మేళం లేదు గనుక రెండో సందర్భమే అయ్యుంటుందని చాలామంది నిర్ధారించుకున్నారు. పొద్దున ఎనిమిదికే వాల్మీకిపురం బస్సులో పోతూ షామియానా చూసిన చెంగయ్య అనే దూరపు బంధువు తర్వాతి స్టాపులో దిగి, పూలదండ కొనుక్కుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చాడు. రెడ్డెమ్మ ఎదురొచ్చి కాఫీ ఇస్తే తీసుకున్నాడు. మునీశ్వరి కనిపించింది, పురుషోత్తం కనిపించాడు. ఇంట్లో ఉన్నవాళ్లందరూ లెక్కకు సరిపోయేసరికి అతనికి ఏం చేయాలో తోచలేదు. విషయం తెలిశాక దండను వృథా చేయడం ఇష్టంలేక కారు అద్దాలకు వేసి, చేతులు జోడించి వెళ్లిపోయాడు.

రెండో షరతు దగ్గర చిక్కొచ్చింది. పొర వేయబోయే చోట ఏ మచ్చా, ఏ మరకా ఉండకూడదని వీడియోలో ఉంది. బానెట్ మీద రెడ్డెమ్మ వేసిన పసుపు పట్టెలు ఇంకా నిక్షేపంగా ఉన్నాయి. పురుషోత్తం తడిగుడ్డ పట్టుకుని ముందుకు వంగగానే రెడ్డెమ్మ అడ్డం వచ్చి, అది అమ్మవారి కుంకుమ అనీ, అంతట అదే పోవాలనీ, అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టేది లేదనీ తేల్చి చెప్పింది. ఒకవైపు అంతర్జాతీయ ప్రమాణాలు, ఇంకోవైపు తల్లి. వేరొకరైతే తబ్బిబ్బు పడేవారు. పురుషోత్తం రెండు పక్షాల వాదనా విని, మధ్యేమార్గంగా కారంతా అద్దంలా కడిగి, పసుపు ఉన్నచోట మాత్రం వదిలేసి, దాని మీదుగానే పొర వేయాలని తీర్పు ఇచ్చాడు. ఇలాంటి తీర్పుల వల్లే మన కార్యాలయాలు ఇన్నేళ్లుగా నిలబడి ఉన్నాయి.

పొరను అటూ ఇటూ జరపడానికి వీలుగా కింద సబ్బునీళ్లు చల్లాలి. వీడియోలో చిన్నపిల్లల షాంపూ అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు లేరు కాబట్టి మునీశ్వరిని అడిగి బట్టలుతికే సబ్బుపొడి కలిపారు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మా వీధిలో ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. వాళ్లనెవరూ అడగలేదు, వీడియోలో ఆ సంగతి లేదు. పొర వేసి రబ్బరు పలకతో ఒత్తుతుండగానే పసుపంతా పారాణిలా ఎర్రబడి, నీళ్లతో కలిసి పొర కింద నలుదిక్కులా పారింది. ఎంత ఒత్తితే అంత విస్తరించింది. గంటలో తెల్ల బానెట్ మీద ఎర్రటి చారలు ముందు బంపరు దాకా దిగి, అక్కడ శాశ్వతంగా ఆగిపోయాయి.

బంపరు మూలల్లో పొర వంగకపోతే మునీశ్వరి జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి చేశారు. అంచుల దగ్గర మిగిలిన పొరను బ్లేడుతో కోశారు. కారు మీదే పెట్టి కోశారు. హెడ్‌లైటు చుట్టూ, తలుపుల అంచుల వెంబడీ బ్లేడు పొరను కోసి, పొర కింద ఉన్న పెయింటును కూడా నిష్పక్షపాతంగా కోసింది. కంకరరాళ్లూ గ్రానైటు లారీలూ ఎన్నాళ్లకు పెట్టగలిగేవో తెలియని ఆ గీతల్ని పురుషోత్తం ఒక్క మధ్యాహ్నంలో పెట్టాడు. అయితే ఆ గీతల మీద ఇప్పుడు పొర ఉంది గనుక వాటికి ఇక ఏ ప్రమాదమూ లేదు.

సాయంత్రం పని ముగిసే వేళకు కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు రంగప్ప గారు వచ్చారు. నలుగురు గుమిగూడిన చోట మాట్లాడకుండా వెళ్లడం ఆయన ఆరోగ్యానికి మంచిది కాదు. కొబ్బరికాయ కొట్టించి, గొంతు సవరించుకున్నారు.

"కాలనీ సోదర సోదరీమణులారా. ఈ దినము మన వీధి చరిత్రలో నిలిచిపోయే దినము. మనిషికి తోలు ఉండాది. తోలు మీద సొక్కా ఉండాది. కారుకు ఇన్నాళ్లూ సొక్కా లేకపొయ్యె. మన పురుషోత్తం గారు ఆ లోటు తీర్చినారు. ఈ సొక్కా కనపడే సొక్కా కాదు. ఉండాదా లేదా అని అనుమానం వచ్చే సొక్కా. మన సంఘం తరఫున నేను చేస్తాండే అభివృద్ధి గూడా ఇట్లాంటిదే. కనపడలేదని కొందరు విమర్శ చేస్తాండారు. కనపడకపోయినా అది మిమ్మల్ని కాపాడతానే ఉండాదని ఈ సందర్భంగా మనవి చేస్తాండాను."

అందరం చప్పట్లు కొట్టాం. బానెట్ మీది ఎరుపు మాట ఎవరూ ఎత్తలేదు. మావి మర్యాద గల ఇళ్లు.

పొద్దుటినుంచి బావకు సాయంగా ఉన్న అజయ్ కుప్పం బస్సు పట్టుకునే తొందరలో సామాను సర్దుతూ, పొరతో వచ్చిన కాగితాన్ని పారేయబోయి వెనక్కి తిప్పి చూశాడు. పురుషోత్తం ఏ కాగితాన్నీ వెనక్కి తిప్పడు. ఆఫీసులో ఆ పని కిందివాళ్లది. వెనకవైపు జాగ్రత్తలు ఉన్నాయి. పొర అతుక్కోవడానికి ఏడు రోజులు పడుతుంది, అప్పటిదాకా కారును కడగరాదు, అంచులు తాకరాదు అని రాసి ఉంది. కారును నడపరాదని ఎక్కడా లేదు. మామూలు మనిషి దాన్ని అక్కడితో వదిలేసేవాడు. పురుషోత్తం మామూలు మనిషి కాదు, నిబంధనల మనిషి. కడగరాదు అంటే కడగవలసిన అవసరం రానీయరాదు. అవసరం రాకూడదంటే దుమ్ము పడరాదు. దుమ్ము పడకూడదంటే రోడ్డెక్కరాదు. ఈ తర్కంలో ఒక్క మెట్టు కూడా జారుడుగా లేదు. ఆ విధంగా ఆదివారం సాయంత్రం ఆరుగంటల నుంచి కారు పథ్యంలోకి వెళ్లింది.

సోమవారం రంగప్ప గారి సంతకంతో వీధిలో ఒక సూచన తిరిగింది. కారుకు ఇరవై అడుగుల లోపు చీపురు ఎత్తరాదు, మిరపకాయలు దంచరాదు, పిల్లలు బంతి ఆడరాదు. ఎదురిల్లు గనుక మా ఇంటావిడ వారం పాటు వాకిలి ఊడ్వకుండా గుడ్డపెట్టి తుడిచింది. మంగళవారం గస్తీకి వచ్చిన కానిస్టేబులు బానెట్ మీద ఎర్రచారలు చూసి బైకు ఆపి, ఎవురికి తగిలించినారప్పా అని మెల్లగా అడిగాడు. పురుషోత్తం తలుపు తీసి ఇప్పటిదాకా తిరిగిన కిలోమీటర్లు చూపించాడు. అంత తక్కువ దూరంలో అంత పెద్ద ప్రమాదం ఎలా చేశారో కానిస్టేబులుకు అర్థం కాలేదు. నోటుబుక్కులో ఏదో రాసుకుని పోయాడు.

బుధవారం సాయంత్రం జరిగింది మాత్రం నేను నా వరండాలోంచి విన్నాను. వినాలని కూర్చోలేదు, కానీ లేచి లోపలికీ పోలేదు.

రెడ్డెమ్మ సంచి సర్దుకుని గేటు దగ్గరికి వచ్చింది. "పొద్దున ఎన్ని గంటలకు లేసేది నాయనా? ఆడ పదికంతా ఉండమన్యారు. అక్క ఇప్పటికి మూడుసార్లు ఫోను సేసింది."

పురుషోత్తం కారు వైపు చూసి, తల్లి వైపు చూసి, మళ్లీ కారు వైపే చూశాడు. "అమ్మా, ఏడు దినాలు కాలేదు. రేపటికి నాలుగే. ఇప్పుడు రోడ్డు మీదికి తీస్తే అంచులన్నీ లేసిపోతాయి. పడిన కష్టమంతా పాడైపోతాది. ఆపరేషను రవ్వంత వెనక్కి జరపమని డాక్టరుకు ఒక అర్జీ రాసిస్తాను."

అర్జీ పెడితే మళ్లీ తేదీ వచ్చేది రెండు నెలల తర్వాత. ఆ సంగతి చీటీలోనే ఉంది. కొడుకు బాడుగ కారు మాట్లాడతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంటి ముందర సొంత కారు పెట్టుకుని బాడుగ కార్లో దిగితే పుంగనూరులో అక్క పరువేం కావాలి? వీధంతా ముందే చెప్పుకుని ఉంది.

"సరేలే నాయనా. ఆడోళ్లకు బస్సు ఫ్రీనే కదా. నేను పొయ్యి పిల్సుకోని పోతా. నువ్వు దీన్ని సూసుకో" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అంది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. పురుషోత్తానికి కూడా అనిపించి ఉంటుంది. అతను దోమతెర సర్దే మిషతో కారు వెనక్కి వెళ్లి, చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. అతను చెడ్డవాడు కాదు. తల్లి మోసిన గంపలన్నీ ఆ కారులో ఉన్నాయని అతని నమ్మకం. దాని మీద గీత పడితే ఆమె మీద పడ్డట్టే అనుకున్నాడు. అందుకని ఆమెను బస్సులో పంపాడు.

గురువారం తెల్లవారి రెడ్డెమ్మతో పాటు మునీశ్వరి కూడా బయలుదేరింది. భర్తతో మాట్లాడలేదు గానీ, జుట్టు ఆరబెట్టే మిషనును మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుని పోయింది. పుంగనూరులో పార్వతమ్మ పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉందట. కారులో ఎక్కేటప్పుడు బాగుండాలని కట్టుకున్న చీర. కారు రాలేదని విని, చుట్టుపక్కలవాళ్లు లేవకముందే పోదాం పదండి అందట. పుంగనూరు నుంచి పలమనేరుకు ఒక బస్సు, అక్కడినుంచి కుప్పానికి ఇంకో బస్సు. ఆడవాళ్లకు ఉచితమైన బస్సులు ఈ మధ్య ఎంత రద్దీగా ఉంటాయో మీకు తెలుసు. సగం దూరం నిలబడే పోయారు. ఆ రోజు కోసం పురుషోత్తం ముందే పెట్టుకున్న సెలవు వృథా కాలేదు. కారు దగ్గర కుర్చీ వేసుకుని కాకుల్ని తోలాడు.

ఆపరేషను చక్కగా జరిగింది. ఆ రాత్రి అజయ్ ఇంట్లో ఉండి, శుక్రవారం కట్టు విప్పించుకుని, నల్ల కళ్లజోడు పెట్టించుకుని బయలుదేరారు. పార్వతమ్మను పది రోజులు చూసుకోవాలని నేరుగా మదనపల్లెకే తెచ్చారు. మొదటి బస్సులో వాళ్లకు దొరికిన సీటు పక్క కిటికీకి అద్దం లేదు. కుప్పం నుంచి మదనపల్లె దాకా, మూడు బస్సుల్లోనూ, పార్వతమ్మ కొంగు ముఖం మీద కప్పుకుని, దాని మీద రెడ్డెమ్మ తన అరచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చింది. చెయ్యి పెద్దదని ముందే చెప్పాను. బస్టాండు నుంచి ఆటోలో వచ్చి దిగినప్పుడు ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన జాగ్రత్తల కాగితాన్ని మునీశ్వరి ఫ్రిజ్జు మీద అతికించింది. వారం రోజులు నీళ్లు తగలరాదు, దుమ్ము తగలరాదు, వేలు పెట్టరాదు, కుదుపులు పనికిరావు. పురుషోత్తం నీళ్ల సీసా కోసం వచ్చి, ఆ కాగితం చదివి, తన కారు కాగితం ఫ్రిజ్జు మీదికి ఎలా వచ్చిందని అడిగాడట. మునీశ్వరి సీసా చేతికిచ్చింది. అతను మళ్లీ చదివి, ఆ పూట భోజనానికి రాలేదు.

ఆదివారంతో కారు పథ్యం ముగిసింది. దోమతెరలు తీశారు. రంగప్ప గారు తప్ప వీధంతా వచ్చింది, ఆయనకు ఇంకోచోట ప్రారంభోత్సవం ఉంది. పార్వతమ్మ చెల్లెలి భుజం పట్టుకుని మెల్లగా బయటికి వచ్చి, నల్ల కళ్లజోడు కొంచెం పైకెత్తి, కొత్త కన్నుతో కారును చూసింది. చాలా ఏళ్ల తర్వాత ఆమె వివరంగా చూసిన మొదటి వస్తువు అదే.

"ఈడ ఒక సీమ సచ్చిపొయ్యుండాది సూడప్పా" అంది.

అందరం వంగి చూశాం. నిజమే, పొర కింద ఒక చీమ. ఆమె వేలు ఇంకొంచెం జరిగింది. ఇక్కడొక వెంట్రుక, అక్కడొక చామంతి రేకు, ఆ పక్కన ఎవరిదో బొటనవేలి ముద్ర. వారం పాటు రోజుకు పదిసార్లు కారును పనిగట్టుకుని చూసిన పురుషోత్తానికి ఇవేవీ కనిపించలేదు. ఇప్పుడు అతనికి అవి తప్ప ఇంకేమీ కనిపించడం లేదని అతని ముఖం చెప్పింది.

పార్వతమ్మ కారు చుట్టూ తిరిగి, బాగుందని మెచ్చుకుంది. "ఇంగ దీనికి రాయి తగిలినా ఏం గాదు కదా?"

"ఏం గాదు పెద్దమ్మా."

"దుమ్ము పడినా?"

"ఏం గాదు."

"మంచిదప్పా. అయితే ఇంగ దీన్ని దేనికి వాడతారు?"

పురుషోత్తం తల వంచుకుని, పది రోజులయ్యాక నిన్ను నేనే కార్లో పుంగనూరులో దించుతాను పెద్దమ్మా, మీ వాకిట్లోనే దించుతాను అన్నాడు.

"వొద్దులే నాయనా" అంది ఆమె, అతని చెయ్యి పట్టుకుని. "ఇంత కష్టపడి సేసుకున్యావు. మా వీధిలో అంతా కంకరే. నేను బస్సులో పోతాలే, నాకు అలవాటైపొయ్యె." పది రోజులు గడిచాక అలాగే పోయింది. పురుషోత్తం బస్టాండు దాకా సంచి మోసుకుని, నడిచి వెళ్లి ఎక్కించి వచ్చాడు.

ఈ కథను నేను ఈ మధ్య చాలాచోట్ల చెప్పాను. బస్టాండు టీ అంగట్లో చెప్పాను, పింఛను వాళ్ల సమావేశంలో చెప్పాను. చీమ దగ్గర అందరూ నవ్వుతారు, కానిస్టేబులు దగ్గర ఇంకా నవ్వుతారు. పురుషోత్తాన్ని తలచుకుని, మనుషులు ఇలా కూడా ఉంటారా అని ఆశ్చర్యపోతారు. మీరూ నవ్వే ఉంటారు. మొన్న మాత్రం టీ అంగట్లో పాపన్న అనే టమోటా రైతు నవ్వకుండా గ్లాసు పక్కన పెట్టి, ఆ గురువారం మీ వీధిలో ఇంగ యే కారూ లేదా సామీ అని అడిగాడు.

ఉన్నాయి. రంగప్ప గారిది కలిపి తొమ్మిది ఉన్నాయి. అందరికీ ఆపరేషను సంగతి తెలుసు, అందరూ షామియానా కింద చప్పట్లు కొట్టినవాళ్లే. ఆ తెల్లవారి రెడ్డెమ్మ గేటు తీసిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూశాను. అత్తా కోడలూ సంచులతో బస్టాండు వైపు నడిచి పోతున్నారు. నా కారు తాళాలు కిటికీ పక్కనే మేకుకు వేలాడుతున్నాయి. నా కారుకు పొర లేదు, పథ్యం లేదు. కాకపోతే దాన్ని ముందురోజే కడిగించాను.